జబ్బుతో మంచం మీదున్నవారికి హతసాక్షుల (క్రీస్తు విశ్వాసం కోసం చంపబడినవారి) కథలు చెప్పాలా, వద్దా?

ఆవగింజ:
చివరి మూడు నెలలు అమ్మకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. పక్కకు తిప్పితే చాలు, కేక పెట్టేది. చూడ్డానికొచ్చిన సంఘస్థుడొకాయన "హతసాక్షి పోలికార్పు చితి మీద నిలబడి కూడా దేవుణ్ణి స్తుతించాడమ్మా, మీరు ఇంతకే కేకలేస్తే ఎలా" అన్నారు. ఆ రోజు నుంచి అమ్మ దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేది. అందుకే, బాధలో ఉన్నవారికి ఈ కథలు చెప్పొద్దంటాను.

పాత సాక్షి:
వందనాలు సిస్టర్. ఆయన మాట తప్పే. దానికి కథనే మానేస్తామా? క్రీస్తును దూషిస్తే వదిలేస్తానని రోమా అధికారి అంటే, 86 ఏళ్లు ఆయన్ను సేవించాను, నాకు ఏ కీడూ చేయలేదు, నా రాజును ఎలా దూషించను అన్నాడు స్ముర్న బిషప్ పోలికార్పు. మా నాన్నగారు డయాలసిస్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆ మాటే అనుకునేవారు.

దీపస్తంభం:
86 ఆయన వయసు బ్రదర్, సేవ చేసిన ఏళ్లు కాదు.

పాత సాక్షి:
సేవించాను అనే ఉంది. వయసని ఎక్కడుంది?

దీపస్తంభం:
పుట్టినప్పటి నుంచీ విశ్వాసిగా పెరిగితే రెండూ ఒకటే కదా.

పాత సాక్షి:
అది మీ ఊహ. ఉన్నది ఉన్నట్టు చదవండి.

ఆవగింజ:
నేనడిగింది లెక్క కాదండీ.

రాత్రి డ్యూటీ:
వార్డులో పనిచేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను. పోలికార్పుకు బయటపడే దారి ఉంది. చిటికెడు ధూపం వేసి, కైసరే (రోమా చక్రవర్తే) ప్రభువు అంటే ఇంటికి పంపేసేవారు. ఆయన కావాలనే ఆ దారి వద్దన్నాడు. క్యాన్సర్‌కు ఏ ధూపం వేస్తే వదులుతుంది? ఈ రెండింటికీ పోలికే లేదు.

పాత సాక్షి:
ఉంది. రోగి కూడా దేవుణ్ణి వదిలేయొచ్చు. బైబిల్లో ఒళ్లంతా కురుపులతో ఉన్న యోబుకు భార్య చెప్పింది అదే కదా, "దేవుని దూషించి మరణము కమ్ము" అని. 2015లో లిబియా సముద్రతీరంలో చంపబడిన 21 మంది క్రైస్తవులు యేసు పేరు పలుకుతూనే పోయారు. మనం నొప్పి రాగానే సణుగుతాం. విశ్వాసం తెలిసేది ఆఖరి గడియలోనే.

ఆవగింజ:
అంటే మా అమ్మకు విశ్వాసం లేదనా? డొంకతిరుగుడు వద్దు, సూటిగా చెప్పండి.

కీర్తన 42:
ఆగండి ఇద్దరూ. క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజి జైల్లో, మృగాలకు వేయడానికి ఉంచిన ఫెలిసిటీ అనే విశ్వాసికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. ఆమె మూలుగుతుంటే, దీనికే ఇలాగైతే రేపు మృగాల ముందు ఏం చేస్తావని ఎగతాళి చేశాడు కావలివాడు. ఇప్పటి బాధ నాది, అప్పుడు నాలో ఇంకొకరుండి నా కోసం బాధపడతారు అందామె. ఆ మూలుగు సిగ్గుచేటని సంఘం దాన్ని కొట్టేయలేదు, రాసిపెట్టుకుంది. పోలికార్పు కూడా మొదట పట్నం విడిచి పల్లెలో తలదాచుకున్నాడు. తనంతట తానే ముందుకొచ్చిన క్వింటస్ అనేవాడు మృగాలను చూసి జడిసి రోమా దేవతలకు బలి అర్పించాడు. అసలు ప్రభువైన యేసే సిలువ బాధకు ముందు "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని వేడుకున్నాడు కదా!

పాత సాక్షి:
ఇవన్నీ చదివినవాణ్ణే. మీకెవరికీ అర్థం కావట్లేదు. ఆఖరి వారంలో నాన్నగారు డయాలసిస్ వద్దన్నారు. ప్రార్థన కూడా వద్దన్నారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. పోలికార్పు మాట చెవి దగ్గర చెబితే, నా చేతిలోంచి చేయి లాగేసుకున్నారు. ఈ కథలు చెప్పొద్దని మీరంటుంటే, ఆయనకు ఆఖరున నేను చేసింది తప్పన్నట్టే వినిపిస్తోంది. అయినా ఆయన ఎక్కడున్నారో అన్న భయం నాకు రోజూ ఉంది.

కీర్తన 42:
బ్రదర్, 250లో రోమా చక్రవర్తి డేసియస్ ఆజ్ఞకు భయపడి ఎంతోమంది విశ్వాసులు బలులు అర్పించారు. పశ్చాత్తాపపడినవాళ్లను సంఘం మళ్లీ చేర్చుకుంది. అప్పుడు దాక్కున్న సిప్రియన్ బిషప్పే 258లో హతసాక్షి అయ్యాడు. మీ నాన్నగారు బలీ అర్పించలేదు, క్రీస్తును కాదననూ లేదు. అలసిపోయారు, అంతే.

రాత్రి డ్యూటీ:
కిడ్నీలు ఆగిపోయినప్పుడు చాలామంది అలాగే గోడవైపు తిరుగుతారండీ. ముట్టుకున్నా ఓర్చుకోలేరు.

ఆవగింజ:
చేయి లాగేసుకున్నాక మీరేం చేశారు?

పాత సాక్షి:
పక్కనే కూర్చున్నాను. పెదవులు ఎండిపోతుంటే తడిగుడ్డతో అద్దాను. తెల్లవారుజామున పోయారు.

ఆవగింజ:
కథలు చెప్పొద్దన్న నా మాట మారదు బ్రదర్. కానీ మీరు తడిగుడ్డ అద్దారు. నేను అమ్మ నోట్లోంచి ఆ దుప్పటి అంచు ఒక్కసారి కూడా లాగలేదు. గట్టిగా ఏడవమ్మా అని అనలేదు.