జడ్జి పేరు పక్కన పార్టీ పేరు ఉండాలా?

కేరీ శ్రీను:
అమెరికాలో మా నార్త్ కరోలినా రాష్ట్రంలో అప్పీల్స్ కోర్టుకీ, దానిపైన ఉండే రాష్ట్ర సుప్రీంకోర్టుకీ జడ్జీలను ఓటేసి ఎన్నుకుంటాం. 2004 నుంచి కొన్నేళ్లు బ్యాలెట్ మీద పార్టీ పేరు ఉండేది కాదు. 2016లో అప్పీల్స్ కోర్టుకి, 2018లో సుప్రీంకోర్టుకి మళ్లీ పెట్టారు. నన్నడిగితే తీసేయాలి.

డల్లాస్ వదిన:
తీసేస్తే ఏం చూసి వేస్తావు శ్రీనూ? ప్రెసిడెంటు దగ్గర మొదలుపెట్టి ఆ బ్యాలెట్ చివరికొచ్చేసరికి అన్నీ ముక్కూ మొహం తెలియని పేర్లే. మా టెక్సాస్‌లో పార్టీ పేరు ఉంటుంది కాబట్టి కనీసం ఎవరు ఎటువైపో తెలుస్తుంది. విస్కాన్సిన్‌లో బ్యాలెట్ మీద పార్టీ లేదుగా, మరి 2025లో ఒక్క సుప్రీంకోర్టు సీటుకి దాదాపు 10 కోట్ల డాలర్లు ఎందుకు కుమ్మరించారు?

కేరీ శ్రీను:
డబ్బు సంగతి ఒప్పుకుంటా. కానీ మా 2024 గొడవ చూడండి. సుప్రీంకోర్టు సీటుకి డెమోక్రాట్ ఆలిసన్ రిగ్స్ 734 ఓట్లతో గెలిచారు. ఓడిన రిపబ్లికన్ జెఫర్సన్ గ్రిఫిన్ 65 వేలకు పైగా ఓట్లు చెల్లవన్నారు. ఆయన అప్పీల్స్ కోర్టు జడ్జి. కేసు వెళ్లిందీ ఆ కోర్టుకే! తీర్పు 2-1. ఆయనవైపు ఇద్దరు రిపబ్లికన్లు, కాదన్నది ఒక డెమోక్రాట్. వాళ్లు నిజాయితీగానే చెప్పారేమో, నమ్మేదెలా?

మోరిస్‌విల్ రావు:
చివరికి ఆపింది ఫెడరల్ (కేంద్ర) కోర్టు జడ్జి. ట్రంప్ నియమించినాయనే. జీవితకాలం పదవి, మళ్లీ ఎవరినీ ఓట్లడగక్కర్లేదు. 2025 మే 5న రిగ్స్ గెలుపు ఖాయం చేయమన్నారు, రెండు రోజులకి గ్రిఫిన్ ఓటమి ఒప్పుకున్నారు. శ్రీనుగారూ, లేబుల్ తీసినా ఆ ముగ్గురూ అదే తీర్పు ఇచ్చేవాళ్లు. అసలు ఎన్నికే వద్దు.

డల్లాస్ వదిన:
ఎన్నికే వద్దంటే మన ఇండియాలో కొలీజియంలా జడ్జీలే జడ్జీలను ఎంచుకోవాలా అన్నయ్యగారూ? దాన్ని మార్చే చట్టాన్ని 2015లో కొట్టేసిందీ అక్కడి సుప్రీంకోర్టే. అక్కడ మామూలు మనిషి మాటకి చోటేది?

మోరిస్‌విల్ రావు:
అంత దూరం పోనక్కర్లేదమ్మా. గవర్నరు నియమించి, కొన్నేళ్లకి ‘ఉంచాలా వద్దా’ అని జనాన్ని అడిగే రాష్ట్రాలు ఇక్కడే ఉన్నాయి.

కేరీ శ్రీను:
ఆ పద్ధతైనా సరే. ఆ 65 వేల పేర్ల లిస్టు బయటికొచ్చిన రోజు, మా ఆవిడ పేరు ఉందేమోనని రాత్రి పన్నెండింటిదాకా వెతికాను. ఇంటిపేరు ముందోసారి, వెనకోసారి పెట్టి మరీ.

డల్లాస్ వదిన:
ఉందా?

కేరీ శ్రీను:
లేదు. పక్కింటాయనది ఉంది. ఆయన ఓటేసింది గ్రిఫిన్‌కే.