సర్కారు పనికి అంకెల టార్గెట్ పెడితే పని అయితదా, లెక్కలే అయితయా?

ఓరుగల్లు పోరడు:
నా మాట సూటిగ చెప్త. ఏ పథకం తెచ్చినా ఫలానా తేదీ కల్లా ఇంత చేస్తం అని సర్కారు అంకె చెప్పాలె, లేకుంటే అడిగెటోనికి పట్టు దొరకది. 2015ల మన తెలంగాణల హరితహారం పెట్టినప్పుడు పచ్చదనం 24 శాతం నుంచి 33కు తీస్కపోతం, 230 కోట్ల మొక్కలు పెడ్తం అన్నరు. అన్నరు కాబట్టే ఏమాయె అని నిలదీస్తానం. "ప్రజా సంక్షేమానికి కట్టుబడి ఉన్నం" అంటే దాన్ని ఏ టేపు పెట్టి కొలుస్తవ్?

కార్యదర్శి తిప్పలు:
తమ్మీ, చెప్పనీకి మంచిగనే ఉంది గని ఆ అంకె కింద పడి నలిగేది నేను, పంచాయతి కార్యదర్శిని. 2018 పంచాయతి రాజ్ చట్టంల ఏం రాసిన్రు? పెట్టిన మొక్కలల్ల 85 శాతం బతకాలె, లేకుంటే సర్పంచ్ కుర్చీకి, నా కొలువుకు ఎసరే. ఎండకాలం బోరు ఎండినంక ట్యాంకర్ నీళ్లు మనుషులకు పొయ్యాల్నా మొక్కలకు పొయ్యాల్నా? ఎండిన గుంతలనే మల్ల కొత్తది పాతి ట్రీగార్డ్ నిలబెట్టి ఫోటో కొట్టుడే, కాగితం మీద 85 దాటినట్టే. ఎక్కడ చూసినా కోనోకార్పస్ చెట్లే ఎందుకు పెట్టిన్రనుకున్నవ్? నీళ్లు తక్వైనా బతుకుతది, లెక్కకు అక్కెరకొస్తది.

పరకాల అక్క:
నేను నర్సును, మాకాడ సంగతి చెప్త. 2017ల కేసీఆర్ కిట్ వచ్చింది, సర్కారు దవాఖానల కన్న తల్లికి మొగపిల్లగాడైతే 12 వేలు, ఆడపిల్లైతే 13 వేలు, సర్కారు దవాఖానకు కాన్పులు పెరిగినయ్, అబద్ధమెందుకు. 2018-20 లెక్కల లక్ష కాన్పులకు తల్లుల మరణాలు దేశంల 97, మన రాష్ట్రంల 43. ఐక్యరాజ్యసమితి 2030 కల్లా 70 లోపుకు తేవాలన్నది, మనం ఎప్పుడో తెచ్చినం. కని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడున్రి, మనకాడ కాన్పులల్ల 60.7 శాతం ఆపరేషన్లే, దేశంల ఏ రాష్ట్రంల ఇంత లేదు. ప్రైవేటులనైతే ఇంకా ఎక్వ. కాన్పు దవాఖానల అయ్యిందా అని అడిగినంత గట్టిగ, ఎట్ల అయ్యింది అని అడగలే. ముహూర్తం రాయించుకొని వచ్చెటోళ్లు వేరే ఉన్నరు, అది ఇంకో కథ.

ఓరుగల్లు పోరడు:
అక్కా, 60.7 గూడ అంకెనే గదా! కొలిచిన్రు కాబట్టే నువ్వు ఇయ్యాల మాట్లాడుతానవ్.

లెక్కల సారు:
ఆ రెండు అంకెలు ఒక్కటి కావు. 60.7 తీసినోళ్లు ఇండ్లల్లకు పోయి తల్లులను అడిగిన్రు, ఎక్వొచ్చినా తక్వొచ్చినా వాళ్ల కొలువు పోదు. 85 అట్ల కాదు, ఎవని కొలువు పోతదో వాడే నింపే కాగితమది. బ్రిటన్ల ఎమర్జెన్సీకి వచ్చిన పేషెంటు సంగతి 4 గంటలల్ల తేల్చాలె అని టార్గెట్ పెడితే, టైం మొదలుకావద్దని అంబులెన్సులను గేటు బయటనే ఆపిన దవాఖానలు ఉన్నయ్. అట్లని టార్గెట్ దండగ అనలేం, ఆడ వెయిటింగ్ తగ్గింది గూడ. మన భూపాలపల్లి 2018 నుంచి, ఎనకబడ్డ జిల్లాలకు కేంద్రం పెట్టిన ఆకాంక్షిత జిల్లాల లిస్టుల ఉంది, 112 జిల్లాలకు 49 సూచికల మీద ర్యాంకులు. అండ్ల జిల్లా ఆఫీసులు ఎక్కించిన డేటాను బయటోళ్లు సర్వే చేసి సరిచూసే పద్ధతి పెట్టిన్రు, నాకు నచ్చిందైతే గదే. మొక్కలకు గూడ అట్ల వేరే మండలపోళ్లను పంపి లెక్కవెట్టియ్యాలె, రెండో ఎండకాలం దాటినంక.

ఓరుగల్లు పోరడు:
గట్లనే కానియ్యున్రి సారూ, అంకె మాత్రం తీసేయొద్దు. అంకె లేకపోతే బయటోడు వచ్చి ఏం లెక్కవెడ్తడు?

కార్యదర్శి తిప్పలు:
ఎవలనన్న పంపున్రి, నాకేం భయం లేదు. కని లెక్కవెట్టెటోని కన్నా ముందు ట్యాంకర్ డీజిల్ పైసలు పంపుమను. టార్గెట్ సర్క్యులర్ రాసిన నాడే ఫోన్లకు వస్తది, బిల్లు మాత్రం ఆర్నెల్లైనా రాదు. దానికి గూడ ఒక తేదీ పెట్టుమనున్రి సారూ, ఎన్ని రోజులల్ల పాస్ చేస్తరో.