మాజ్డా కారు అంటే మనవాళ్ళు ఎందుకు వద్దంటున్నారు? అసలు ఈ కంపెనీ కథేంటి?

ఫ్రిస్కో గోదారి:
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మూడు వారాలుగా సెకండ్ హ్యాండ్ కారు కోసం తిరుగుతున్నాం. మొన్న 2021 మోడల్ మాజ్డా సీఎక్స్-5 ఒకటి చూశాం. ఒకే ఓనరు, 31 వేల మైళ్ళు తిరిగింది. నడిపి చూస్తే నాకూ మా ఆవిడకూ చాలా నచ్చింది. అదే ఏడాది టొయోటా రావ్4 కంటే దాదాపు మూడు వేల డాలర్లు తక్కువకే వస్తోంది.

ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట: "టొయోటానో హోండానో తీసుకో, మాజ్డా ఎందుకు?" కారణం మాత్రం చెప్పరు. ఒకాయన "ఆ ఇంజిన్లు పెట్రోల్ తాగేస్తాయి, లక్ష మైళ్ళలోపే పోతాయి" అన్నారు. రాజమండ్రిలో మా నాన్నగారికి ఫోన్ చేస్తే "స్కూలు బస్సులు చేసేవాళ్ళే కదరా, గట్టివే" అన్నారు. రెండు మాటలకీ పొంతన లేదు. దాచుకున్న డబ్బు పెడుతున్నాం కాబట్టి టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మంజీర:
మీ నాన్నగారు చెప్పింది స్వరాజ్ మాజ్డా గురించి. 1980లలో మన దేశంలోకి నాలుగు జపాన్ కంపెనీలు చిన్న లారీలతో వచ్చాయి. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, పంజాబ్‌లో స్వరాజ్ మాజ్డా, మా జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్. ఆల్విన్ అంటే ఫ్రిజ్‌ల ఆల్విన్ కంపెనీయే. మా చిన్నాన్న అందులో పనిచేశారు కాబట్టి ఈ నాలుగు పేర్లూ ఇంట్లో వింటూ పెరిగాను. ఆల్విన్ నిస్సాన్ తర్వాత మహీంద్రా చేతికి వెళ్ళింది. చిన్న బస్సులు కూడా చేసే స్వరాజ్ మాజ్డా 2011లో ఎస్ఎంఎల్ ఇసుజుగా పేరు మార్చుకుంది. మాజ్డా కార్లు మాత్రం మన దగ్గర అమ్మలేదు. అందుకే మనవాళ్ళకు ఆ పేరు చెబితే కారు గుర్తుకురాదు, బస్సే గుర్తొస్తుంది. కార్ల గురించి నాకు తెలియదు, తెలిసినవాళ్ళు చెప్తారు.

ఓతా నది ఒడ్డు:
ఫ్రిస్కో గారూ, నేను 2013 నుంచి ఐదేళ్ళు హిరోషిమా విశ్వవిద్యాలయంలో ఉన్నాను. మాజ్డా పుట్టిందీ బతికిందీ ఆ ఊళ్ళోనే. మేముండే సైజో నుంచి హిరోషిమాకు రైల్లో వెళ్తుంటే దారిలో ముకైనాదా అనే స్టేషన్ వస్తుంది. సాయంత్రం షిఫ్టు దిగాక అక్కడ ఎక్కేవాళ్ళంతా మాజ్డా వాళ్ళే. ఈ కంపెనీ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు మనసు ఒప్పుకోదు, అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను.

మొదలైంది కార్లతో కాదు, బెండుతో (కార్క్). 1920లో బెండు సరుకు చేసే కంపెనీగా పెట్టారు. మరుసటి ఏడాది జూజిరో మత్సుదా అనే ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని యంత్రాల తయారీ వైపు తిప్పారు. 1931లో మూడు చక్రాల బండి వచ్చింది. ముందు మోటార్ సైకిల్, వెనక ట్రక్కు తొట్టి, మన ట్రాలీ ఆటో లాంటిది. దానికి పెట్టిన పేరే మాజ్డా. జపాన్‌లో ఇప్పటికీ ఆ పేరును "మత్సుదా" అనే పలుకుతారు, యజమాని ఇంటిపేరులాగే. ఇంకోవైపు అది పార్సీల దేవుడు అహుర మజ్దా పేరు కూడా. ఆ "మజ్దా"కూ మన "మేధ"కూ మూలం ఒకటే అని భాషా శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ సంగతి తెలిశాక నాకు ఆ పేరు పరాయిగా అనిపించలేదు.

1945 ఆగస్టు 6. బాంబు పడ్డ రోజు జూజిరో మత్సుదా డెబ్భయ్యో పుట్టినరోజు. ఫ్యాక్టరీ ఉన్న ఫుచూ, బాంబు పడ్డ చోటుకు సుమారు 5 కిలోమీటర్లు. మధ్యలో హిజియామా అనే చిన్న గుట్ట ఉంది, అది అడ్డుపడింది. ఫ్యాక్టరీ చాలావరకు మిగిలింది. ఊళ్ళో ఆఫీసులేవీ మిగలకపోవడంతో దాదాపు ఏడాది పాటు జిల్లా పరిపాలన ఆ ఫ్యాక్టరీ భవనంలోంచే నడిచింది. ఆ డిసెంబరుకే మూడు చక్రాల బండ్లు మళ్ళీ బయటికి రావడం మొదలైంది. నేను ఆ గుట్ట ఎక్కి రెండు వైపులా చూశాను. అంత చిన్న గుట్ట ఒక ఫ్యాక్టరీని కాపాడిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఇక మీకు చెప్పిన "పెట్రోల్ తాగే ఇంజిన్" సంగతి. అది అబద్ధం కాదు, కానీ మీరు చూసిన కారుది కాదు.

1960ల మొదట్లో జపాన్ ప్రభుత్వం, కార్ల కంపెనీలు మరీ ఎక్కువయ్యాయి, కొన్నింటిని కలిపేద్దాం అనుకుంది. చిన్న కంపెనీ అయిన మాజ్డా పెద్దవాళ్ళలో కలిసిపోయే పరిస్థితి. అప్పటి అధ్యక్షుడు, జూజిరో కొడుకు త్సునేజి మత్సుదా, ఇంకెవరి దగ్గరా లేనిది మన దగ్గర ఉండాలి అనుకున్నారు. 1961లో జర్మనీ కంపెనీ ఎన్ఎస్‌యూతో ఒప్పందం చేసుకుని రోటరీ ఇంజిన్ తెచ్చారు.

మామూలు ఇంజిన్ రోకలిలాంటిది. పిస్టన్ పైకీ కిందికీ పోటు వేస్తుంది. రోటరీ తిరగలిలాంటిది. మూడు మూలల రోటరు ఒక గుల్లలో తిరుగుతూనే ఉంటుంది. అదురు తక్కువ, సైజు చిన్న, బలం ఎక్కువ. కానీ ఆ మూడు మూలల దగ్గర సన్నటి సీళ్ళు ఉంటాయి, అవి గోడను ఒరుసుకుంటూ పోవాలి. మొదటి ఇంజిన్లలో ఆ సీళ్ళు అదిరి గుల్ల లోపలంతా చారలు చారలుగా గీసేసేవి. ఇంజినీర్లు వాటిని "దెయ్యం గోళ్ళ గీతలు" అనేవారు. కెనిచి యమమోతో అనే ఇంజినీరు 46 మందిని వెంటబెట్టుకుని ఏళ్ళ తరబడి దీని మీదే కూర్చున్నారు. తనతో కలిపి 47 మంది. జపాన్ వాళ్ళ కథల్లో యజమాని కోసం ప్రాణాలిచ్చిన 47 మంది సమురాయ్‌లు ఉంటారు, అక్కడ ఆ లెక్క అందరికీ తెలుసు. చివరికి అల్యూమినియం కలిపిన కార్బన్ సీళ్ళతో దారి దొరికింది. 1967 మేలో కాస్మో స్పోర్ట్ వచ్చింది. తయారైనవి 1,176 మాత్రమే. ముకైనాదా దగ్గరి మాజ్డా మ్యూజియంలో ఒకటి ఉంది, తెల్లటిది. చుట్టూ మూడుసార్లు తిరిగాను.

తర్వాత రోటరీని వాళ్ళు చిన్నా పెద్దా కార్లన్నిటిలో పెట్టుకుంటూ పోయారు, అక్కడే దెబ్బ తిన్నారు. తిరగలి ఇంజిన్‌లో మంట మండే చోటు పొడుగ్గా, పలచగా ఉంటుంది, పైగా కదులుతూ ఉంటుంది. పెట్రోల్ పూర్తిగా మండదు, వేడి గోడల పాలవుతుంది. సీళ్ళు జారడానికి ఆయిల్ కూడా లోపల కొంచెం కొంచెం మండాల్సిందే. 1973లో పెట్రోల్ సంక్షోభం వచ్చింది. అమెరికా ప్రభుత్వ పరీక్షల్లో ఆ కార్లకు ఊళ్ళో గాలన్‌కు 10, 11 మైళ్ళే వచ్చాయి. ఒక్కసారిగా అమ్మకాలు పడిపోయి, కార్లు గోదాముల్లో ఉండిపోయాయి. సుమితోమో బ్యాంకు పూనుకోకపోతే కంపెనీ మునిగిపోయేదే.

సైజోలో మా ఇంటి ఓనరమ్మ భర్త అప్పట్లో ఇంజిన్ పోత పోసే విభాగంలో పనిచేసేవారట. ఆ గడ్డు రోజుల్లో కంపెనీ వేల మంది ఉద్యోగులను కార్లు అమ్మడానికి వేరే ఊళ్ళకు పంపింది. ఆయన ఒసాకా వెళ్ళారు. కరిగిన ఇనుము పోసే మనిషి, టై కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తలుపు తట్టేవారట. రాత్రి ఫోన్ చేసి "ఇవాళ కూడా కాలేదు" అని మాత్రం చెప్పి పెట్టేసేవారని ఆవిడ నాతో అన్నారు. మొదటి కారు అమ్ముడైన రోజు ఫోన్లో ఏమీ మాట్లాడలేకపోయారట. ఆయన పోయి చాలా ఏళ్ళైంది. ఆవిడ మాత్రం 80 దాటినా చిన్న మాజ్డా కారే నడిపేవారు. ఆ కష్టకాలంలో ఊరి దుకాణాల వాళ్ళూ, చిన్న కంపెనీల వాళ్ళూ కొంటే మాజ్డానే కొందాం అని కట్టుగా నిలబడ్డారు.

ఇంకొక్క ముచ్చట. 1991లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల పందెం రోటరీ ఇంజిన్‌తోనే గెలిచారు. 55 నంబరు, నారింజ, ఆకుపచ్చ రంగుల 787బీ. ఆ పందెం గెలిచిన మొదటి జపాన్ కంపెనీ అదే, టొయోటా గెలవడానికి 2018 దాకా పట్టింది. చివరి వంతు నడిపిన జానీ హెర్బర్ట్ కారు దిగీ దిగగానే నీరసంతో కూలబడ్డారు, బహుమతి వేదిక ఎక్కలేకపోయారు. అదే 1991లో హిరోషిమా బేస్‌బాల్ జట్టు కార్ప్ కూడా లీగ్ గెలిచింది. మళ్ళీ గెలవడానికి 25 ఏళ్ళు పట్టింది. 2016లో గెలిచిన రాత్రి నేను ఊళ్ళోనే ఉన్నాను, వీధులన్నీ ఎరుపే. ఆ జట్టు పూర్తి పేరు హిరోషిమా తోయో కార్ప్. "తోయో" అంటే మాజ్డా పాత పేరు తోయో కోగ్యో. ఆ ఊళ్ళో కంపెనీనీ జట్టునూ ఎవరూ వేరుగా చూడరు.

రోటరీతో నడిచే ఆర్ఎక్స్-8 తయారీ 2012లో ఆగిపోయింది. మీరు చూసిన సీఎక్స్-5లో ఉన్నది మామూలు నాలుగు సిలిండర్ల పిస్టన్ ఇంజిన్, మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్. మీ ఆఫీసాయన ఎప్పటి మాటో ఇప్పటి కారుకు అంటగడుతున్నారు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2020లో ఇచ్చిన నమ్మకమైన కార్ల పట్టికలో మాజ్డాకే మొదటి స్థానం వచ్చింది.

మిచిగన్ మంచు:
పైన చెప్పినదంతా బాగుంది. లోపాలు కూడా చెప్పాలి కదా, నాకు తెలిసినవి చెప్తాను. 2000ల మొదట్లో వచ్చిన మాజ్డాలకు మా వైపు తుప్పు చెడ్డపేరు గట్టిగా ఉంది. మంచు కోసం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో వెనక చక్రాల పైన రేకును తుప్పు తినేసేది. మీరు కొనేది 2021 మోడల్, పైగా టెక్సస్ అంటున్నారు. అయినా ఆ కారు ముందు ఏ రాష్ట్రంలో తిరిగిందో కారు హిస్టరీ రిపోర్టులో చూడండి, లిఫ్ట్ మీద ఎత్తించి అడుగు చూడండి. వెనక సీట్లో కాళ్ళకు చోటు రావ్4 అంత ఉండదు. మళ్ళీ అమ్మేటప్పుడు కూడా టొయోటాకు వచ్చినంత ధర రాదు. మీకు మూడు వేలు తక్కువకు వస్తున్నది కూడా అందుకే.

నా అనుభవం ఒకటి చెప్తాను. నా మాజ్డాకు ఒక గ్యారేజీలో ఆయిల్ మార్చాక డ్రెయిన్ బోల్టు సరిగ్గా బిగించలేదు. కింద చుక్కలు చూసి నేనే పట్టుకున్నాను. అప్పుడు కూడా స్నేహితులు "మాజ్డా కదా" అన్నారు. బోల్టు బిగించని మనిషిది తప్పు, కారుది కాదు.

మా పక్కనే ఫ్లాట్ రాక్ ఉంది. 1987 నుంచి అక్కడ మాజ్డా కార్లు తయారయ్యేవి, తర్వాత ఫోర్డ్‌తో కలిసి నడిపారు. 2012 తర్వాత అక్కడ మాజ్డా లేదు. పాతవాళ్ళు కొందరు ఇప్పటికీ "మాజ్డా అంటే ఫోర్డే" అంటారు.

ఫ్రిస్కో గోదారి:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్ అండీ. ఓనరమ్మ గారి భర్త సంగతి మా ఆవిడకు చదివి వినిపించాను, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. ఇంకో రెండు సందేహాలు. ఫోర్డ్ ఇంకా ఇందులో ఉందా? టొయోటా మాజ్డాను కొనేసింది అని కూడా ఎవరో అన్నారు, నిజమేనా?

ఓతా నది ఒడ్డు:
ఫోర్డ్ 1979లో నాలుగో వంతు వాటా తీసుకుంది. 1996లో దాన్ని 33.4 శాతానికి పెంచి హెన్రీ వాలెస్‌ను అధ్యక్షుడిగా పెట్టింది. జపాన్ కార్ల కంపెనీకి విదేశీయుడు అధిపతి కావడం అదే మొదటిసారి. 2008లో ఫోర్డ్‌కే డబ్బు ఇబ్బంది వచ్చి అమ్ముకుంటూ పోయింది, 2015కల్లా పూర్తిగా తప్పుకుంది. ఫోర్డ్ చేయి వదిలేస్తున్న ఆ రోజుల్లోనే వీళ్ళు ఇంజిన్, గేర్‌బాక్స్, బాడీ అన్నీ మొదటినుంచి కొత్తగా గీసుకున్నారు. దాన్నే స్కైయాక్టివ్ అన్నారు. 2012లో వచ్చిన మొదటి సీఎక్స్-5 ఆ పని మీదే నిలబడింది. నన్నడిగితే రోటరీ కంటే ఇదే పెద్ద సాహసం, ఎందుకంటే ఈసారి ఆదుకునే పెద్ద చెయ్యి పక్కన లేదు.

టొయోటా కొనేయలేదు. 2017లో సుమారు 5 శాతం వాటా తీసుకుంది. ఇద్దరూ కలిసి అలబామాలోని హంట్స్‌విల్‌లో ఫ్యాక్టరీ పెట్టారు, అక్కడ 2022 నుంచి సీఎక్స్-50 తయారవుతోంది. మీది అది కాదు, సీఎక్స్-5.

మనవాళ్ళకు తెలిసిన పేరు ఒకటి చెప్తాను. పెనుకొండ దగ్గర కార్లు చేసే కియా ఉంది కదా. కొరియాలో కియా 1962లో చేసిన మూడు చక్రాల బండి మాజ్డా లైసెన్సుతోనే. 1974లో వచ్చిన కియా బ్రిసా కారుకూ మాజ్డా ఫమీలియానే మూలం. మాజ్డాను మనవాళ్ళు వద్దన్నా, మాజ్డా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ బండి ఇవాళ అనంతపురం రోడ్ల మీద తిరుగుతోంది.

కారు మళ్ళీ చూసుకునేటప్పుడు ఆయిల్ మార్చిన రసీదులు అడగండి. బండి ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించండి, ముందే వేడి చేసి ఉంచితే ఒప్పుకోకండి. డ్రైవర్ వైపు ముందు అద్దం కింది మూలలో విన్ నంబర్ (ఒక్కో కారుకూ ఉండే గుర్తింపు నంబరు) ఉంటుంది, అదెలా మొదలైందో చూస్తే ఏ దేశంలో తయారైందో తెలుస్తుంది.

ఫ్రిస్కో గోదారి:
ఇవాళ వెళ్ళి మెకానిక్‌తో చూపించాం అండీ. అడుగు శుభ్రంగా ఉంది, రసీదులు అన్నీ ఉన్నాయి, మొదటినుంచీ డాలస్‌లోనే తిరిగింది. అడ్వాన్స్ ఇచ్చేశాం. విన్ నంబర్ జేఎం3తో మొదలైంది. నాన్నగారికి చెబితే "స్కూలు బస్సు కంపెనీయే కదా, నేను ముందే చెప్పాను" అన్నారు.

ఓతా నది ఒడ్డు:
జే అంటే జపాన్‌లో తయారైంది. మ్యూజియం టూరులో ఫ్యాక్టరీ పక్కనే వాళ్ళ సొంత రేవు కనిపిస్తుంది, అక్కడ కార్లు వరసగా ఓడలోకి ఎక్కుతుంటాయి. నేను చూసిన రోజు చాలావరకు ఎర్రవే. మీది ఏ రంగు?