మూడు నోడ్లు మూడు జోన్లలోనా, డిస్కున్న ఒక్క జోన్‌లోనా?

హన్మకొండ_క్లస్టర్:
మార్కెట్ యార్డు తక్‌పట్టీల (రైతుకిచ్చే తూకం, ధర చీటీల) యాప్‌కి కుబర్నెటీస్ క్లస్టర్ (యాప్‌లను పలు మెషీన్ల మీద నడిపే సిస్టమ్) పెడుతున్నం. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్, ఈకేఎస్ (ఏడబ్ల్యూఎస్ వాళ్ల కుబర్నెటీస్), మూడు నోడ్లు (మెషీన్లు), జోన్‌కొకటి. జోన్ అంటే రీజియన్‌లో విడిగా ఉండే డేటాసెంటర్ల గుంపు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఒకే పాడ్ (నోడు మీద నడిచే ప్రోగ్రామ్ యూనిట్), స్టేట్‌ఫుల్‌సెట్‌గా (పేరు, డిస్కు మారకుండా పాడ్‌ను నడిపే పద్ధతి), దానికి 50 జీబీ ఈబీఎస్ డిస్కు (మెషీన్‌కి తగిలించే ఏడబ్ల్యూఎస్ డిస్కు). జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయి కాంటాలు మొదలైనంక రెండు మూడు గంటలు రాతలు బాగా పడతయి, మిగతా రోజంతా తక్కువే. మిర్చి సీజన్‌లో, అంటే ఫిబ్రవరి, మార్చిలో ఆ రెండు మూడు గంటలే అసలు పరీక్ష. నోడ్లు ఇట్లనే మూడు జోన్లలో ఉంచాల్నా, అన్నీ ఒకే జోన్‌లోకి తేవాల్నా? కారణంతో చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
ఒకే జోన్ అంటాను అన్నా. ఈబీఎస్ డిస్కు ఏ జోన్‌లో పుడితే ఆ జోన్‌లోనే ఉంటది, పక్క జోన్ మెషీన్‌కి తగిలించలేం. మీ లెక్కలో ఆ జోన్‌లో ఉన్నది ఒక్క నోడే. అది పడిపోతే మిగతా రెండు నోడ్లు ఎంత ఖాళీగా ఉన్నా పాడ్ లేవదు. పాడ్ మీద డిస్క్రైబ్ కమాండ్ కొట్టి చూస్తే ‘వాల్యూమ్ నోడ్ అఫినిటీ కాన్‌ఫ్లిక్ట్’ (డిస్కు జోన్, నోడు జోన్ కలవలేదు) అని కనపడతది, పాడ్ పెండింగ్‌లోనే ఉంటది. అంటే పేరుకు మూడు నోడ్లు, డేటాబేస్‌కి మాత్రం ఒక్కటే. అదే మూడూ ఒక జోన్‌లో ఉంటే డిస్కు విడిపించి పక్క నోడుకు తగిలించొచ్చు. జోన్ మొత్తం పోవడం చాలా అరుదు. నోడు పోవడం, అప్‌గ్రేడ్ కోసం నోడు ఖాళీ చేయడం ఏడాదంతా ఉండేదే.

జమ్మికుంట_డీబీ:
జబ్బు సరిగ్గనే పట్టిన్రు, మందే సరిగ్గ లేదు. డిస్కును తిప్పాలని ఎందుకు పట్టు? డేటాను తిప్పండి. మూడు పాడ్లు, మూడు డిస్కులు, జోన్‌కొకటి. ఒకటి ప్రైమరీ (రాతలు తీసుకునేది), రెండు స్టాండ్‌బైలు (దాని కాపీలు). సింక్రనస్ స్టాండ్‌బై సెట్టింగ్‌లో (కాపీ కూడా రాసుకునేదాకా ఆగమనేది) ‘ఎనీ 1’ అని రాసి రెండు స్టాండ్‌బైల పేర్లూ ఇయ్యాలె. రెండింట్ల ఏ ఒక్కటి రాసుకున్నా కమిట్ (రాత ఖాయం కావడం) పూర్తవుతది. ఒకే స్టాండ్‌బై పెట్టి సింక్రనస్ చేస్తే మాత్రం ఆ స్టాండ్‌బై పడిన నిమిషంలో ప్రైమరీలో కమిట్లన్నీ ఆగిపోతయి. కాంటా మీద బస్తా ఉంటది, చీటీ రాదు. రెండు ఉండాల్సిందే.

ఇంక ‘డిస్కు విడిపించి తగిలించొచ్చు’ అన్నరు కదా, ఆ టైము లెక్కేయండి. నోడు హఠాత్తుగా ఆగితే అది నాట్‌రెడీ అని తేలడానికి నిమిషం దాకా పడతది. ఆ తర్వాత పాడ్‌కి డిఫాల్ట్‌గా ఉండే 300 సెకన్ల టాలరేషన్ (ఆగి చూసే గడువు). అది కూడా అయినంక పాడ్ టెర్మినేటింగ్‌లో ఇరుక్కుంటది, ఎందుకంటే ఆ నోడులోని కుబెలెట్ (పాడ్లను నడిపే ఏజెంట్) జవాబు ఇయ్యదు. స్టేట్‌ఫుల్‌సెట్ ఒకే పేరుతో రెండో పాడ్‌ను లేపదు, డేటా పాడవుతదని. మనిషి వచ్చి ఫోర్స్ డిలీట్ కొడితే ‘మల్టీ-అటాచ్ ఎర్రర్’ (డిస్కు ఇంకా పాత నోడుకే ఉందని) వస్తది, కంట్రోలర్ ఇంకో 6 నిమిషాలు ఆగి గాని డిస్కును బలవంతంగా విడిపించదు. మొత్తం దాదాపు 12 నిమిషాలు, అదీ మనిషి అప్పటికప్పుడు కూర్చుంటే.

కాజీపేట_జంక్షన్:
అక్కా, ఆ 12 నిమిషాలు తగ్గించే దారి ఉంది. పోయిన నోడుకు ‘అవుట్ ఆఫ్ సర్వీస్’ టెయింట్‌ను (నోడుకు వేసే గుర్తును) నోఎగ్జిక్యూట్‌గా (ఉన్న పాడ్లను కూడా తీసేసే రకంగా) పెడితే పాడ్ వెంటనే తీసేసి, డిస్కు వెంటనే విడిపిస్తది. 1.28 వెర్షన్ నుంచి ఇది స్థిరపడ్డ ఫీచరే. కానీ మెషీన్ నిజంగా ఆగిందని క్లౌడ్ కన్సోల్‌లో కళ్లారా చూసుకున్నాకే పెట్టాలె. బతికున్న నోడుకు పెడితే రాస్తుండగా డిస్కు ఊడబెరికినట్టే, ఫైల్‌సిస్టమ్ దెబ్బతింటది.

నా అసలు అభ్యంతరం వేరే. మూడు కాపీలంటే రెప్లికేషన్ (కాపీలకు డేటా పంపడం) తెలిసిన మనిషి కావాలె. స్టాండ్‌బై వెనకబడుతుందా, స్లాట్ (స్టాండ్‌బై కోసం రాతల లాగ్‌ను ఆపి ఉంచేది) వల్ల వాల్ ఫైళ్లు (ఆ లాగ్ ఫైళ్లు) పేరుకుపోయి ప్రైమరీ డిస్కు నిండుతుందా అని రోజూ చూడాలె. చూసేవాళ్లు లేకుంటే ఒక్క డిస్కు, పద్ధతిగా తీసిన బ్యాకప్ ఉన్న సిస్టమే ఎక్కువ భద్రం.

రామగుండం_ఆప్స్:
మీలో ఎవరి మాట నెగ్గినా స్టోరేజ్‌క్లాస్ (డిస్కు ఎట్ల తయారవ్వాలో చెప్పే సెట్టింగ్) సరిగ్గ లేకుంటే రెండూ చెడతయి, అందుకే అది ముందు చెప్తున్న.

ప్రొవిజనర్ (డిస్కు తయారుచేసేది) ఈబీఎస్ సీఎస్ఐ డ్రైవర్ కావాలె. ఈకేఎస్ 1.23 నుంచి ఈ డ్రైవర్ మనమే యాడ్‌ఆన్‌గా వేసుకోవాలె, దాని సర్వీస్ అకౌంట్‌కి ఐఏఎం రోల్ (ఏడబ్ల్యూఎస్ అనుమతి) ఇయ్యాలె. రోల్ మరిస్తే పీవీసీ (డిస్కు కావాలని పాడ్ తరఫున పెట్టే అర్జీ) పెండింగ్‌లో ఉండి ఈవెంట్లలో ‘అన్‌ఆథరైజ్డ్ ఆపరేషన్’ అని వస్తది. చాలామంది దాన్ని జోన్ సమస్య అనుకుని ఎటెటో వెతుకుతరు.

బైండింగ్ మోడ్ రాయకుంటే ‘ఇమ్మీడియట్’. అంటే పాడ్ ఎక్కడ పడుతుందో చూడకుండానే ఏదో ఒక జోన్‌లో డిస్కు పుడతది. ‘వెయిట్ ఫర్ ఫస్ట్ కన్స్యూమర్’ పెట్టండి, పాడ్‌కి నోడు ఖాయమైనంకనే ఆ జోన్‌లో డిస్కు తయారవుతది. రీక్లెయిమ్ పాలసీ డిఫాల్ట్‌గా ‘డిలీట్’. ఎవరైనా పొరపాటున పీవీసీ తీసేస్తే అసలు డిస్కే పోతది. డేటాబేస్‌కి ‘రిటెయిన్’ తప్ప ఇంకోటి వద్దు. వాల్యూమ్ ఎక్స్‌పాన్షన్ ట్రూ పెట్టుకోండి. డిస్కు పెంచొచ్చు, తగ్గించలేం, కాబట్టి 50తో మొదలుపెట్టడం మంచిదే.

ఈబీఎస్ డిస్కు టైపు జీపీ3, పాత టైపు జీపీ2 కాదు. దీని మీద గట్టిగా చెప్తున్న. జీపీ2లో జీబీకి 3 ఐఓపీఎస్ (సెకనుకు చదివే, రాసే పనులు), అంటే 50 జీబీకి 150. పైన బర్స్ట్ క్రెడిట్లతో (డిస్కు వాడనప్పుడు పోగయ్యేవి) 3000 దాకా పోతది, కానీ నిండు క్రెడిట్ 54 లక్షలే. పూర్తి వేగంతో వాడితే సుమారు అరగంటలో అయిపోతయి. కాంటాలు మొదలైన అరగంట దాకా యాప్ పరుగెత్తి, ఆ తర్వాత ఒక్కసారి 150కి పడిపోతది. ఖాళీ అయిన క్రెడిట్లు నిండాలంటే సెకనుకు 150 చొప్పున 10 గంటలు. సాయంత్రం టెస్ట్ చేస్తే అంతా బాగుంటది, పొద్దున యార్డులో నిలిచిపోతది. జీపీ3లో ఎంత చిన్న డిస్కుకైనా 3000 ఐఓపీఎస్, సెకనుకు 125 ఎంబీ ఉంటది, క్రెడిట్ల గోలే లేదు.

ఇంకోటి. ఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) డిస్కు మౌంట్ అయితే లోపల ‘లాస్ట్+ఫౌండ్’ అనే ఫోల్డర్ ఉంటది. పోస్ట్‌గ్రెస్ డేటా డైరెక్టరీని నేరుగా ఆ మౌంట్ మీదనే పెడితే ‘డైరెక్టరీ ఖాళీగా లేదు’ అని ఇనిట్‌డీబీ (డేటాబేస్‌ను మొదటిసారి తయారుచేసే కమాండ్) ఆగిపోతది. లోపల ఇంకో ఫోల్డర్ చేసి పీజీడేటా (డేటా ఎక్కడుందో చెప్పే సెట్టింగ్) అక్కడికి చూపించాలె.

కరీంనగర్_బ్యాకెండ్:
ఇంత మోపు ఎందుకు? ఆర్‌డీఎస్ మల్టీ-ఏజెడ్ (ఏడబ్ల్యూఎస్సే నడిపే, వేరే జోన్‌లోనూ కాపీ ఉండే డేటాబేస్) తీసుకుని డేటాబేస్‌ను క్లస్టర్ బయట పెడితే అయిపాయె.

జమ్మికుంట_డీబీ:
తమ్మీ, బిల్లు ఒప్పుకుంటే అది మంచి దారే, నేను కాదనను. రాత్రిపూట లేచే మనిషి లేని టీమ్‌కి అదే చెప్తా. కానీ అడిగింది నోడ్లు ఎక్కడ పెట్టాలని. డేటాబేస్ బయటికి పోతే మూడు జోన్లు అనడానికి ఇంక అడ్డే లేదు.

హన్మకొండ_క్లస్టర్:
ఆర్‌డీఎస్‌కి ఈ సీజన్‌లో బడ్జెట్ లేదు. ఇప్పుడు ఒకే పాడ్‌తో మొదలుపెట్టి తర్వాత మూడు కాపీలకు పోవచ్చా? స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణపు కాపీ) తీసి వేరే జోన్‌లో డిస్కు చేస్తే సరిపోదా?

జమ్మికుంట_డీబీ:
పోవచ్చు. స్నాప్‌షాట్ రీజియన్ మొత్తానికి పనికొస్తది, ఏ జోన్‌లోనైనా దాని నుంచి డిస్కు చేయొచ్చు. కానీ అట్ల చేసిన డిస్కు మొదట్లో నెమ్మదిగా ఉంటది. ప్రతి బ్లాకును మొదటిసారి చదివినప్పుడు ఎస్3 (ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్) నుంచి తెచ్చుకుంటది. పైగా ఆఖరి స్నాప్‌షాట్ తర్వాతి తక్‌పట్టీలు అందులో ఉండవు. గంటకోసారి తీస్తే గంట రాతలు పోయినట్టే. రైతు చేతిలో చీటీ ఉండి మన దగ్గర లెక్క లేకుంటే ఎవరం జవాబు చెప్తం? నేను మూడు కాపీల మీద ఇంత పట్టు పట్టేది అందుకే. క్లౌడ్‌నేటివ్‌పీజీ ఆపరేటర్ (కుబర్నెటీస్‌లో పోస్ట్‌గ్రెస్‌ను చూసుకునే టూల్) వాడితే ప్రైమరీ పడినప్పుడు స్టాండ్‌బైని ముందుకు తేవడం అదే చూసుకుంటది.

కాజీపేట_జంక్షన్:
రాతలు పోతయన్న మాట దగ్గర నేను ఒప్పుకుంటున్న. అక్క చెప్పినట్టు మూడు జోన్లే పెట్టండి. కానీ నోడ్‌గ్రూప్ (కలిపి పెంచే, తగ్గించే నోడ్ల గుంపు) మూడు జోన్లకు కలిపి ఒకటి చేయొద్దు, జోన్‌కొకటి చేయండి. కలిపి చేస్తే కొత్త నోడు ఏ జోన్‌లో లేవాలో ఆటోస్కేలర్ (నోడ్లను పెంచే టూల్) ఎంచుకోలేదు, డిస్కు ఒక జోన్‌లో ఉండి నోడు ఇంకో జోన్‌లో లేస్తది.

ఇంకా జనవరిలోనే, కాంటాలు లేని ఒక ఆదివారం, ప్రైమరీ ఉన్న నోడు మెషీన్‌ను కన్సోల్ నుంచి ఆపేయండి. డ్రెయిన్ (పాడ్లను పద్ధతిగా ఖాళీ చేయించడం) వద్దు, నేరుగా ఆపేయాలె. స్టాండ్‌బై ఎన్ని సెకన్లకు ప్రైమరీ అయింది, యాప్ తనంతట తాను మళ్లీ కనెక్ట్ అయిందా, ఆపకముందు కమిట్ అయిన ఆఖరి చీటీ నంబర్ కొత్త ప్రైమరీలో ఉందా అని రాసుకోండి. ఆ నంబర్ లేకుంటే సింక్రనస్ సెట్టింగ్ పడలేదని అర్థం. అది సరిచేసి మళ్లీ ఆపి చూడాలె.

హన్మకొండ_క్లస్టర్:
జోన్‌కొక నోడ్‌గ్రూప్, జీపీ3 50 జీబీ మూడు, రిటెయిన్, ‘ఎనీ 1’. ఈ లెక్కతోనే కడుతున్నం. ఆపి చూసినంక వచ్చిన సెకన్లు ఇక్కడే పెడతా.