80 హెర్ట్జ్ దగ్గర గొయ్యి, ఈక్వలైజర్‌తో పూడటం లేదు

ముందుసీటు:
అందరికీ నమస్తే. కారు ఆడియోకి డీఎస్పీ (శబ్దాన్ని డిజిటల్‌గా సరిచేసే పెట్టె) పెట్టించాక ట్యూనింగ్ నేనే చేసుకుందామని కూర్చున్నాను, ఒక చోట ఆగిపోయాను. ముందు డోర్లలో ఆరున్నర అంగుళాల మిడ్‌బేస్‌లు, పిల్లర్లలో ట్వీటర్లు (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్లు), డిక్కీలో సీల్డ్ బాక్స్‌లో పది అంగుళాల సబ్ (సబ్‌వూఫర్, లోతైన బేస్ పలికేది). అన్నీ యాక్టివ్, ప్రతి స్పీకర్‌కీ వేరే ఛానెల్, ఛానెల్‌కి 31 బ్యాండ్ల ఈక్వలైజర్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌ని విడిగా పెంచే, తగ్గించే సాధనం) ఉంది.

సబ్ లో-పాస్ (దానికి పైవి తగ్గించే ఫిల్టర్) 80 హెర్ట్జ్, 24 డీబీ స్లోప్ (ఒక్కో ఆక్టేవ్‌కి, అంటే ఫ్రీక్వెన్సీ రెట్టింపో సగమో అయ్యేసరికి, ఎంత తగ్గుతుందో). డోర్లు హై-పాస్ (దానికి కిందివి తగ్గించేది) 80, 12 డీబీ. ట్వీటర్లు 2000 నుంచి పైకి, 12 డీబీ. టైమ్ అలైన్‌మెంట్ (అన్ని స్పీకర్ల శబ్దం చెవికి ఒకేసారి చేరేలా చేయడం) ఇంకా ముట్టుకోలేదు.

కిక్ డ్రమ్‌లో బరువు లేదు, బేస్ అంతా వెనక నుంచి వస్తున్నట్టుంది. గాయకుడి గొంతు నా పక్క డోర్‌కే అతుక్కుపోయింది. ఆర్‌టీఏలో (మైక్‌తో కొలిచి ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూపే గ్రాఫ్) చూస్తే 80 చుట్టూ పెద్ద గొయ్యి. డోర్లకి 80 బ్యాండ్ 6 డీబీ పెంచితే ఆ గొయ్యి ఇంకా లోతుకి దిగింది! ఇదెలా సాధ్యం? స్పీకర్లు మార్చాలా?

కోన్‌పేపర్:
స్పీకర్లు మార్చకండి. సబ్ పోలారిటీ (ప్లస్, మైనస్) ఒకసారి రివర్స్ చేసి అదే పాట వినండి. ఒక్క క్లిక్ పని.

నెమ్మదిగా_వినండి:
ముందుసీటు గారూ, పెంచితే తగ్గిందన్న ఆ ఒక్క మాటలోనే జవాబు ఉంది. అక్కడ శబ్దం తక్కువై గొయ్యి పడలేదు. సబ్, డోర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి. ఇప్పటిదాకా సబ్‌ది పైచేయి కాబట్టి ఎంతో కొంత మిగిలేది. మీరు డోర్ల బలం పెంచి రెండింటినీ సమానం చేశారు, దాంతో ఆ మిగిలింది కూడా పోయింది. పైగా 6 డీబీ అంటే ఆ బ్యాండ్‌లో నాలుగు రెట్ల పవర్, అదంతా వృథా.

నిర్ధారించుకోవడం తేలిక. మైక్ కదపకుండా సబ్ ఒక్కటే, తర్వాత డోర్ ఒక్కటే, తర్వాత రెండూ కలిపి కొలవండి. కలిపినప్పుడు విడిగా ఉన్నదానికన్నా తగ్గితే అది ఫేజ్ గొడవే, అంటే రెండిటి అలలూ ఒకే అడుగులో నడవడం లేదు. ఈక్వలైజర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. బ్యాండ్లన్నీ సున్నాకి తెచ్చి, హెడ్ యూనిట్‌లో (డాష్‌బోర్డ్‌లోని స్టీరియో) లౌడ్‌నెస్, బేస్ బూస్ట్ ఆపేయండి. చాలామంది మొదట ముట్టుకునేది ఈక్వలైజర్నే, నా దృష్టిలో అది అన్నిటికన్నా చివరి పని.

ముందు స్లోపులు. ఫిల్టర్ స్లోప్ మారితే ఫేజ్ కూడా మారుతుంది. సబ్‌కి 24, డోర్లకి 12 పెడితే క్రాసోవర్ (సబ్ నుంచి డోర్లు శబ్దాన్ని అందుకునే చోటు) దగ్గర అవి కలిసి నడవవు. రెండిటికీ లింక్‌విట్జ్-రైలీ అనే రకం ఫిల్టర్, 24 డీబీ పెట్టండి. ఆ రకంలో క్రాసోవర్ పాయింట్ దగ్గర రెండు వైపులా 6 డీబీ తగ్గుతాయి, ఫేజ్ కలుస్తుంది, మొత్తం సమంగా వస్తుంది. ఒక మెలిక ఉంది: డోర్ స్పీకర్‌కి కింద దాని సొంత తగ్గుదల కూడా ఉంటుంది, అది మీ ఫిల్టర్‌కి తోడవుతుంది. అందుకే తెరమీద అంకె కాదు, మైక్ దగ్గర కొలిచిన స్లోప్ చూడాలి.

తర్వాత టైమ్. శబ్దం మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లు పోతుంది. మీ తల నుంచి సబ్ 175 సెంటీమీటర్లు, దగ్గరి డోర్ 90 అనుకుంటే తేడా 85, అంటే ఆ డోర్‌ని 2.5 మిల్లీసెకన్లు ఆపాలి (డిలే). అన్నిటికన్నా దూరంగా ఉన్నదానికి సున్నా, మిగతావి దానికోసం ఆగుతాయి. గాయకుడి గొంతు డోర్‌కి అతుక్కుపోవడానికీ మందు ఇదే. సుమారు 1500 హెర్ట్జ్ కింద చెవి దిక్కుని ముఖ్యంగా టైమ్ తేడాని బట్టే పట్టుకుంటుంది, పైన ముఖ్యంగా లెవెల్ బట్టి. రెండు డోర్ల మధ్య 40 సెంటీమీటర్ల తేడా ఉన్నా 1.2 మిల్లీసెకన్లు, అంత తేడాకి గొంతు మధ్యకి రమ్మన్నా రాదు.

సబ్‌కి మాత్రం టేప్ కొలత ఒక్కటీ సరిపోదు. ఫిల్టర్, బాక్స్ కూడా కొంత ఆలస్యం కలుపుతాయి. అందుకే సబ్ పోలారిటీ కావాలనే రివర్స్ చేసి, 40 నుంచి 160 హెర్ట్జ్ దాకా పింక్ నాయిస్ (కొలతలకి వాడే హోరు శబ్దం) పెట్టి, ముందు స్పీకర్లన్నిటి డిలే కలిపి కొంచెం కొంచెం జరపండి. క్రాసోవర్ దగ్గర గొయ్యి అన్నిటికన్నా లోతుగా పడిన చోట ఆగి, పోలారిటీ మామూలుగా పెట్టేయండి. గట్టిగా కొట్టేసుకున్న చోటే తిప్పితే గట్టిగా కలుస్తాయి. 80 హెర్ట్జ్ అల ఒక చుట్టు 12.5 మిల్లీసెకన్లు కాబట్టి ఒక చుట్టు అవతల ఇంకో గొయ్యి కనిపించవచ్చు, టేప్ కొలతకి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. ఇది కుదిరిన రోజు బేస్ డాష్‌బోర్డ్ మీదికి వచ్చేస్తుంది. ఆ మార్పు విన్నవాళ్లు మళ్లీ గ్రాఫ్ వంక అంత ఆత్రంగా చూడరు.

ట్వీటర్లు 2000 దగ్గర 12 డీబీతో ఉండటం నాకు భయంగా ఉంది. అంతే గట్టిగా పలకాలంటే ఒక ఆక్టేవ్ కిందికి దిగేకొద్దీ డోమ్ (ట్వీటర్‌లో కదిలే గుబ్బ) నాలుగు రెట్లు కదలాలి. 12 డీబీ ఫిల్టర్ ఆ పెరుగుదలని ఆపుతుంది గానీ కదలికని తగ్గించదు. 3000, 24 డీబీ చేయండి. మరీ పైకి తీసుకెళ్లకండి, ఆరున్నర అంగుళాల కోన్ సుమారు రెండున్నర వేల నుంచి శబ్దాన్ని సన్నటి దారిలోకి కుదించేస్తుంది.

వెనకసీటు_వాదం:
ఒప్పుకుంటాను గానీ, డ్రైవర్ తలకి డిలే పెడితే పక్కన కూర్చున్నవాళ్లకి అన్నీ వాళ్ల డోర్ నుంచే వినిపిస్తాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఇది పనికిరాదు.

నెమ్మదిగా_వినండి:
నిజమే. రెండు ప్రీసెట్లు (దాచుకుని మార్చుకునే సెట్టింగులు) పెట్టుకోవాలి. రెండోదాంట్లో ఎడమ కుడి డిలేలు సమానం చేసి, సబ్‌తో కలిసే డిలే మాత్రం ఉంచితే చాలు.

ముందుసీటు:
స్లోపులు, డిలే సరిచేశాను. గొయ్యి దాదాపు పోయింది, గొంతు మధ్యకి వచ్చింది! ఈక్వలైజర్ సున్నాలోనే ఉంది. ఇప్పుడు గ్రాఫ్ గీత గీసినట్టు చదునుగా చేసేయమంటారా? ‘స’, ‘ష’ ఇంకా చెవిలో గుచ్చుతున్నాయి.

నెమ్మదిగా_వినండి:
చదును చేస్తే ఇంకా గుచ్చుతుంది. కారులో మైక్ దగ్గర చదునుగా ఉన్నది చెవికి పలచగా, కటువుగా ఉంటుంది. కింద 60 హెర్ట్జ్ దాకా 1000 కన్నా ఓ 8 డీబీ ఎత్తు, 200 దాకా నెమ్మదిగా దిగడం, పై చివరికి వెళ్లేసరికి మరికొన్ని డీబీలు వాలడం, అక్కడ మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి.

మైక్‌ని ఒక్క చోట నిలపకుండా, తల ఉండే చోటంతా మెల్లగా తిప్పుతూ సగటు తీయండి. ఎడమ విడిగా, కుడి విడిగా. రెండిటికీ కలిపి ఒకే ఈక్వలైజేషన్ వేస్తే ఒక వైపు బాగుపడి ఇంకో వైపు చెడుతుంది. ఎత్తుగా ఉన్నవి తగ్గించండి, సన్నటి గుంటల్ని వదిలేయండి, చెవి వాటిని పెద్దగా పట్టించుకోదు.

గుచ్చేది ఎక్కువగా 5 నుంచి 8 వేల మధ్య ఉంటుంది. ఒక్కో ట్వీటర్ మ్యూట్ చేసి వినండి. చాలాసార్లు దూరంగా ఉన్నదే నేరుగా మీ మొహానికి తిరిగి ఉంటుంది. దోషం ఏ వైపు ఉంటే ఆ ఛానెల్‌లో మాత్రమే 2 డీబీ తగ్గించి, రెండు వైపుల గ్రాఫులూ ఇక్కడ పెట్టండి, చూస్తాను.