పాప పేరు టాటూ: మొదటి అక్షరానికే అలంకారమా, పేరంతానా?

కలంగీత: ముంజేతి లోపలివైపు 7 సెం.మీ. వెడల్పులో, ఇంగ్లిష్ లిపిలో ‘మిన్ని’ (Minni) అని ఐదక్షరాలు. పాతకాలపు అలంకృత సువార్తల రాతప్రతి బుక్ ఆఫ్ కెల్స్ తరహాలో అన్నింటికీ అల్లిక, అంటే పెనవేసిన పట్టీల ముడి, వేయించాలా అన్నది మీ ప్రశ్న. వద్దనే అంటాను. ఒక్కో అక్షరానికి దొరికేది 14 మి.మీ., అందులో నిలువు గీత మందం 4 దాటదు. రెండు పట్టీలు పెనవేయాలంటే 6 పైనే కావాలి. క్రీ.శ. 800 ప్రాంతంలో ఆ పుటలు రాసింది దూడచర్మం మీద. బతికున్న చర్మంలో ఇంకు గీత ఏళ్లు గడిచేకొద్దీ వెడల్పవుతుంది. పట్టీల మధ్య 1.5 మి.మీ. ఖాళీ లేకపోతే ముడి కాస్తా నల్లమచ్చ అవుతుంది. మొదటి అక్షరం ఒక్కటే 4 సెం.మీ. ఎత్తున అలంకరించి, మిగతావి సాదాగా వదిలేయండి.

సూదిమొన: ఆ లెక్క చోటు మార్చమంటోంది, అలంకారం మానమని కాదు. అలాంటిదే మరో పాత రాతప్రతి, లిండిస్‌ఫార్న్ సువార్తల తొలి పుటల్లో పెద్ద అక్షరం తర్వాతవి వరసగా చిన్నవవుతూ పోతాయి. పిక్క మీద 14 సెం.మీ. తీసుకోండి. అల్లిక మొదటి రెండింటికి, మిగతావాటి చుట్టూ ఆ గ్రంథంలోలాగే ఎర్ర చుక్కలు. మూడు సూదుల రౌండ్ లైనర్‌తో (సన్నగీతల కోసం గుండ్రంగా కట్టిన సూదుల గుత్తి), 2 మి.మీ. ఎడంగా. ఇంకా దగ్గరైతే చుక్కలు కలిసి గీతైపోతాయి.

కలంగీత: చుక్కలు సరే. రెండో అక్షరం ‘ఐ’ గదండీ, ఒక్క నిలువు గీత! దానికి అల్లిక చుడితే అది అక్షరమని ఎవరికీ తెలీదు.

పుటఅంచు: అక్షరశైలి సంగతి ఇద్దరూ వదిలేశారు. నిలువు గీతలు ఇరుగ్గా పేర్చే మధ్యయుగపు లిపి గోతిక్ టెక్స్‌చురాలో ఈ పేరు రాస్తే మొదటి అక్షరం పోగా మిగిలేవి ఒకేలాంటి ఆరు నిలువు గీతలు. ఏది ‘ఐ’, ఏది ‘ఎన్’? అప్పటి లేఖకులే ‘ఐ’ మీద సన్నటి ఏటవాలు గీత పెట్టేవారు. కెల్స్, లిండిస్‌ఫార్న్ ప్రతుల్లోని గుండ్రటి ఇన్సులర్ లిపి తీసుకోండి. బంగారం రంగు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. రాతప్రతుల్లో మెరిసేది మెరుగుపెట్టిన లోహపు రేకు, ఇంకుకు ఆ మెరుపు రాదు. కావి పసుపు, అంచుకు గోధుమరంగు నీడ, వెలుగు పడేచోట ఇంకు లేని చర్మం, అంతే.

సూదిమొన: ‘ఐ’ విషయంలో కలంగీత గారి మాటే సరైనది, అల్లిక మొదటిదానికే ఉంచండి. పిక్క మాత్రం వదలను. ముంజేయి తిరిగినప్పుడల్లా వరస మెలిపడుతుంది. అయినా అక్కడే కావాలంటే చెయ్యి వదులుగా వేలాడేసి నిలబడ్డప్పుడే స్టెన్సిల్ అంటించుకోండి. అంతకుముందు అసలు సైజులో ప్రింట్ తీసి, ప్రతి గీతనూ రెట్టింపు మందం చేసి చూడండి. పూడిపోయిన ఖాళీ ఉంటే అక్కడి ముడి తీసేయండి.