రెరా ఏజెంట్లకి కూడా సగం ఖర్చు కింద వదిలెయ్యాలా, బిల్లులు అడగాలా?

శంకర్‌పల్లి సైట్లు:
అన్నలూ ఒక ముచ్చట తేల్చుర్రి. నేను ప్లాట్లమ్మే ఏజెంట్‌ని, రెరా అంటే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ, అండ్ల నాకు రిజిస్ట్రేషన్ నంబరున్నది, బిల్డర్ ఇచ్చే కమీషన్ మొత్తం బ్యాంకుల్నే పడ్తది, టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసే ఇస్తడు. అయినా రిటర్న్ టైమొస్తే చాలు ఆడిటర్ ఫోన్ చేసి పెట్రోల్ బిల్లులేవి, ఫ్లెక్సీ బిల్లులేవి అని పానం తీస్తడు. మా పక్క షట్టర్ల ఇంటీరియర్ డెకరేటర్ ఉన్నడు, ఆదాయపు పన్ను చట్టంల సెక్షన్ 44ఏడీఏ అని వచ్చిన దాంట్ల సగం లాభం రాసి పడేస్తడు, ఒక్క బిల్లు చూపియ్యడు. కిరాణా షాపాయన 44ఏడీ కింద ఎనిమిది శాతం, యూపీఐల వస్తే ఆరు శాతం చూపెట్టి చేతులు దులుపుకుంటడు. మాకేమో రెండూ లేవంట, మాది కమీషన్ ఆదాయమంట. గిదేం న్యాయం? రెరా రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంట్లని 44ఏడీఏ లిస్టుల కలపాలె, నేననేది అంతే. ఒప్పుకోనోళ్లు ఎందుకు ఒప్పుకోరో చెప్పుర్రి.

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
నేను ఒప్పుకోను తమ్ముడూ. ముందే చెప్తున్నా, ఇక్కడ చెప్పుకునే సెక్షన్ నంబర్లన్నీ 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి, 2025-26 ఆదాయం వరకు వర్తించినవి. కిరాణాతో పోలికే తప్పు. ఆయన కోటి రూపాయల సరుకు అమ్మితే అందులో తొంభై లక్షలు సరుకు కొనడానికే పోతాయి, అందుకే ఎనిమిది శాతం. నీ కమీషన్‌లో కొన్న సరుకేదీ లేదు, వచ్చిందంతా మార్జినే. ఇరవై లక్షల కమీషన్ మీద ఎనిమిది శాతం అంటే లక్షా అరవై వేలు, దాన్ని లాభం అంటే ఎవరైనా నవ్వుతారు. అందుకే 44ఏడీలో కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ వ్యాపారాలకి వర్తించదని చట్టంలోనే రాసేశారు. ఇక 44ఏడీఏ అంటే వకీళ్లు, డాక్టర్లు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, ఇట్లా కొన్ని వృత్తులకే. రెరా నంబరు అనేది అమ్ముకోవడానికి అనుమతి మాత్రమే, అది ఉన్నంత మాత్రాన బ్రోకరేజీ వృత్తి అయిపోదు.

శంకర్‌పల్లి సైట్లు:
ఇంటీరియర్ డెకరేటర్‌కి ఏ డిగ్రీ అడిగిన్రు బాబాయ్ ఆ లిస్టుల పెట్టేటప్పుడు? సినిమా ఆర్టిస్టులు గూడ ఉన్నరు గదా అండ్ల. వాళ్లది వృత్తి, మాది దందానా?

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
సరే ఆ పాయింట్ నీదే, ఆ లిస్టుకి ఒక పద్ధతంటూ ఉందని నేనూ అనను. కానీ సగం వదిలేస్తే బాగుపడేది ఎవరో చూడు. నిజంగా తిరిగి ఖర్చు పెట్టేవాడు కాదు, ఆఫీసులో కూర్చుని ఫోన్ల మీద డీల్ కుదిర్చి పెద్ద కమీషన్ కొట్టేవాడు.

మియాపూర్ మేడమ్:
నేను రీసేల్ ఫ్లాట్లు, అద్దె ఇళ్లు చూస్తానండి. ఒక డౌట్. కొత్త ట్యాక్స్ విధానంలో ఖర్చులేవీ తగ్గించుకోలేం అని మా గ్రూపులో అందరూ అంటున్నారు, మరలాంటప్పుడు ఈ బిల్లుల గొడవే ఎందుకు, దాచడం కూడా దండగే కదా? నేనైతే పోయినేడాది ఫోన్ బిల్లు కూడా వెయ్యలేదు.

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
అమ్మా ఆ గ్రూపులోంచి ముందు బయటికి రండి. కొత్త విధానంలో పోయేవి 80సీ, 80డీ లాంటివి, అంటే ఎల్ఐసీ, పీపీఎఫ్, హెల్త్ ఇన్సూరెన్స్. వ్యాపారం ఖర్చులు ఎక్కడికీ పోలేదు. ఆఫీసు అద్దె, ఫోను, పెట్రోలు, ప్రాపర్టీ పోర్టల్ చందా, ఫేస్‌బుక్ యాడ్లు, రెరా ఫీజు, ఆడిటర్ ఫీజు, కారు తరుగుదల, అన్నీ ఉంటాయి, వ్యాపారం కోసమే పెట్టారని చూపించగలిగితే చాలు. జీతగాళ్లకి ఇచ్చే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రం మీకు రాదు.

2025-26 లెక్క ఒకటి చెప్తా. 18 లక్షల కమీషన్ వచ్చింది, వేరే ఆదాయం లేదు, ఖర్చేమీ చూపకపోతే కొత్త విధానంలో పన్ను లక్షా అరవై వేలు, సెస్సుతో 1,66,400. అదే ఆరు లక్షల ఖర్చుకి కాగితాలుంటే ఆదాయం 12 లక్షలకి దిగుతుంది, రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, కట్టేది సున్నా, పైగా బిల్డర్ కోసిన టీడీఎస్ వెనక్కి వస్తుంది. ఆరు లక్షల కాగితాల విలువ లక్షన్నర పైనే, వాటిని కారు డ్యాష్‌బోర్డులో పడేసి ఎండబెడుతున్నారు మీరు.

విజయవాడ వాసి:
నేను ఏజెంట్‌ని కాదు, కొనేవాణ్ణి. నాకర్థమైందేంటంటే కొనేవాడి దగ్గర ఒక శాతం, అమ్మేవాడి దగ్గర ఒక శాతం తీసుకుంటారు, అందులో చాలామంది నాకు క్యాషే ఇవ్వండి సార్ అంటారు. రసీదు అడిగితే మొహం మాడిపోతుంది. ఆదాయమే సగం కనపడనప్పుడు కనపడ్డ సగంలో మళ్లీ సగం ఖర్చని వదిలెయ్యమంటే ఎలా? నెలజీతం తీసుకునే నాకు పెట్రోల్ ఎవరిస్తున్నారు?

శంకర్‌పల్లి సైట్లు:
సార్ మీకు తగిలినోళ్లు అట్లున్నరేమో, నేను వెంచర్లు చేస్త, కంపెనీ నుంచి క్యాష్ అనే మాటే లేదు. క్యాష్ పోయేది నా జేబుల నుంచి. ఊర్ల భూమి చూపెట్టే మధ్యవర్తి ఉంటడు, ఆయన లేకుంటే రైతు ముంగటికి గూడ పోలేం. డీల్ అయినంక ఆయనకి యాభై వేలు చేతుల పెట్టాలె, చెక్కంటే తీసుకోడు, పాన్ కార్డంటే లేదంటడు. ఆ యాభై వేలు నా ఖర్చు కాదా? ఆడిటర్ కొట్టేసిండు. ఇగో దీని కోసమే సగం లెక్క అడుగుతున్న నేను, పెట్రోల్ కోసం కాదు.

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
అసలు సంగతి ఇప్పుడు బయటపడింది. ఒక మనిషికి ఒక రోజులో పదివేలు దాటి క్యాష్ ఇస్తే 40ఏ(3) కింద ఆ మొత్తం ఖర్చుగా ఒప్పుకోరు, పదివేలు వదిలేసి మిగతా నలభై వేలు కాదు, యాభై వేలూ పోతుంది. యూపీఐలో వేసి ఉంటే నిలబడేది. ఇంకో మెలిక ఉంది. రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ లేనివాడు మధ్యవర్తిత్వం చెయ్యకూడదు, అలాంటివాడికి ఇచ్చిన కమీషన్ చట్టం నిషేధించిన పనికి పెట్టిన ఖర్చు అని అధికారి అడ్డం తిరిగితే సెక్షన్ 37 చూపించి కొట్టెయ్యొచ్చు. అలాగని రైతు పొలం డీల్ రెరా ప్రాజెక్టు కాదు కాబట్టి అక్కడ ఆ వాదన చెల్లదు, నీ కేసులో చిక్కల్లా క్యాషే. ఇంకోటి, పోయినేడాది నీ వసూళ్లు కోటి దాటి ఉంటే సబ్ ఏజెంట్‌కి ఇచ్చేటప్పుడు 194హెచ్ కింద నువ్వు కూడా రెండు శాతం టీడీఎస్ కొయ్యాలి, కొయ్యకపోతే ఆ ఖర్చులో ముప్పై శాతం పోతుంది. 2024 అక్టోబరుకి ముందు అది ఐదు శాతం ఉండేది, ఆ మేరకి మీకందరికీ ఊపిరి ఆడింది.

నల్లగండ్ల నాయుడు:
ఇంత గొడవెందుకండీ. నేను రిటర్న్‌లో వృత్తి కోడ్ దగ్గర కన్సల్టెన్సీ అని పెట్టి ఐటీఆర్-4 ఫారంలో 44ఏడీఏ కింద సగం చూపించి వేసేస్తున్నా, ఇంతవరకు ఎవడూ అడగలా.

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
నాయుడుగారూ మీ 26ఏఎస్, అంటే మీ పేరు మీద కోసిన టీడీఎస్ వివరాలుండే పత్రం, తెరిచి చూడండి. బిల్డర్ కోసింది 194హెచ్ కింద, అంటే కమీషన్ అని అక్కడే రాసుంది. కింద రిటర్న్‌లో వృత్తి అంటున్నారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టడానికి ఇప్పుడు మనిషి కూడా అక్కర్లేదు, కంప్యూటరే పట్టేస్తుంది. మీరు వెయ్యాల్సింది ఐటీఆర్-3. ఆదాయాన్ని తప్పుగా చూపించారని తేలితే ఎగ్గొట్టిన పన్నుకి రెండింతలు పెనాల్టీ, ఆధారం లేని ఖర్చు చూపించడం కూడా అందులోకే వస్తుంది.

ఫ్రిస్కో రియల్టర్:
టెక్సాస్ నుంచి. ఇక్కడ మేం కూడా సొంత వ్యాపారం కిందే లెక్క, షెడ్యూల్ సి అనే ఫారం నింపుతాం. సగం ఖర్చు అని ఎవరూ వదలరు గానీ కారుకి మాత్రం మైలుకింత అని రేటుంది, 2025కి 70 సెంట్లు. ఏ తేదీన ఎక్కడికి ఎందుకు వెళ్లామో రాసుకుంటే చాలు, పెట్రోల్ బిల్లు కూడా అక్కర్లేదు. అలాగని మాకు సుఖం ఏం లేదులెండి, ఆదాయపు పన్ను కాకుండా సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అని 15.3 శాతం విడిగా వాయిస్తారు.

విజయవాడ వాసి:
మళ్లీ అమెరికా వచ్చేసింది చర్చలోకి.

శంకర్‌పల్లి సైట్లు:
ఉండు సార్, ఆయన చెప్పింది పనికొచ్చే ముచ్చట. బాబాయ్ మన దగ్గర కిలోమీటర్ రేటు లేదా?

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
సొంత వ్యాపారం చేసేవాళ్లకి అట్లాంటిది లేదు. మన దగ్గర అసలు ఖర్చు చూపాలి, అందులో వ్యాపారానికి వాడిన వాటా వరకే. పది లక్షల కారు అనుకో, ఏడాదికి 15 శాతం తరుగుదల అంటే లక్షన్నర, పదిలో ఏడు వంతులు సైట్ విజిట్లకే తిరిగితే లక్షా ఐదు వేలు వస్తుంది. మొదటి ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. లోను వడ్డీ, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కూడా అదే వాటాలో. లోను అసలు మాత్రం ఖర్చు కాదు, ఈఎంఐ మొత్తం వేసుకొచ్చేవాళ్లని రోజూ చూస్తుంటా.

మియాపూర్ మేడమ్:
మరి బిల్డర్లు టార్గెట్ కొడితే దుబాయ్ ట్రిప్, గోల్డ్ కాయిన్ ఇస్తారు కదండీ, అది గిఫ్టే కదా?

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
గిఫ్టు కాదమ్మా, ఆదాయం. ఏడాదిలో ఇరవై వేలు దాటితే 194ఆర్ కింద పది శాతం టీడీఎస్ ఉండాలి, మీ రిటర్న్‌లో దాని విలువ కలపాలి. కమీషన్ బదులు ప్లాటే ఇచ్చినా ఆ విలువ ఆదాయమే. ఫ్రీగా దుబాయ్ వెళ్లొచ్చి ఆ ఖర్చు కూడా మీ లెక్కల్లో వెయ్యకండి మళ్లీ.

శంకర్‌పల్లి సైట్లు:
సరే బాబాయ్, సగం లెక్క పక్కన పెడ్త. కానీ కిలోమీటర్‌కి ఇంత అని రేటు పెట్టమని అడిగితే తప్పేమున్నది? సైట్ విజిట్ రిజిస్టర్ నేనెట్లాగు రాస్త, పార్టీ పేరు, ఫోన్ నంబర్, ఏ వెంచర్ చూపెట్టిన అన్నీ ఉంటయ్. అది సాక్ష్యం కాదా?

బ్యాలెన్స్ షీట్ బాబాయ్:
అది అడిగితే నేనూ నీ పక్కనే. ఆ రిజిస్టర్ ఇప్పుడే పనికొస్తుంది కూడా, కారు వాటా ఏడు వంతులని చెప్పడానికి అంతకంటే మంచి కాగితం లేదు, కారు కిలోమీటర్ల రీడింగ్ కూడా రాయి అందులో. మధ్యవర్తి క్యాష్ విషయంలో మాత్రం నా మాట మారదు.

శంకర్‌పల్లి సైట్లు:
ఆ ఒక్క దాంట్ల నేను గూడ మారను. యూపీఐ అంటే ఆయన నా ఫోనే ఎత్తడు, మీరొచ్చి ఒప్పియ్యుర్రి ఒకసారి.